గాలానికి చిక్కని ఖాతా – ఫోను, ఇంటర్‌నెట్ మోసాలపై ఖాతాదారులకు ఒక పాఠం

ప్రోతరాపూర్ ప్రాంతపు తెలుగు కుటుంబాలకు గాలమంటే ఏమిటో వివరించనక్కరలేదు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుండి ఈ ద్వీపాలకు తరలివచ్చినవారిలో సముద్రంపై వేటనే వృత్తిగా గలవారు ఎందరో ఉన్నారు. గాలం వేసేవాడు చేప వెంట పడడు. ఏ చేపకు ఏ ఎర ప్రీతియో తెలుసుకొని, దానిని కొక్కేనికి గుచ్చి, నీటిలోనికి వదలి కూర్చుంటాడు. మిగిలిన పని చేపే చేస్తుంది. ఇంటర్‌నెట్ ద్వారా జరిగే ఒక తరహా మోసానికి ఈ పద్ధతి నుండే పేరు వచ్చింది. 1990 దశకం మధ్యలో అమెరికాలో కొందరు, అమెరికా ఆన్‌లైన్ అనే సంస్థకు తాము ఉద్యోగులమని చెప్పుకొంటూ, ఆ సంస్థ చందాదారులకు సందేశాలు పంపి వారి రహస్య పదాలను కాజేశారు. ఆ విద్యకే 'ఫిషింగ్' అని పేరు పడింది. ఇంగ్లీషులో వ్రాసేటప్పుడు మొదటి అక్షరాన్ని మార్చి వ్రాస్తారు గాని, పలకడంలో చేపల వేటకూ దీనికీ భేదం లేదు.

మన దీవులు ప్రధాన భూభాగానికి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నాయి కదా, ఈ బెడద మనకెక్కడిది అని ఒకప్పుడు అనుకొనేందుకు కొంత ఆస్కారం ఉండేది. ఇంటర్‌నెట్ అంతా ఉపగ్రహంపై ఆధారపడి, ఒక పుట తెరుచుకొనేలోగా టీ చల్లారిపోయే రోజులవి. 2020 ఆగస్టు 10న చెన్నై నుండి సముద్రగర్భం గుండా వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల కేబులు ప్రారంభమైంది. అప్పటి పోర్ట్‌బ్లెయిర్‌తో బాటు లిటిల్ అండమాన్, కార్‌నికోబార్, రంగత్ వంటి చోట్లకు కూడ ఆ కేబులు చేరింది. 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా పేరు మారిన ఆ పట్టణానికి పొరుగుననే ఉన్న ప్రోతరాపూర్‌లో నేడు కూరగాయల బండి వద్ద సైతం యూపీఐ ద్వారా చెల్లింపులు జరగడం వింత కాదు. స్వగ్రామంలోని తల్లిదండ్రులకు మనియార్డరు కట్టి వారాల తరబడి రసీదుకై ఎదురు చూచిన తరం, నేడు అదే సొమ్మును క్షణంలో పంపగలుగుతున్నది. ఏ మార్గాన సొమ్ము క్షణంలో వెళ్ళగలదో, అదే మార్గాన క్షణంలో పోగలదు కూడ. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. కాబట్టి ఎర హిందీలోనే వస్తుందని భావించరాదు, తెలుగులోనూ రావచ్చును.

ఒక సందేశాన్ని విప్పి చూద్దాం

మీకు ప్రోతరాపూర్‌లో చిన్న వక్క, కొబ్బరి తోట ఉన్నదనుకొందాం. దానిపై కిసాన్ క్రెడిట్ కార్డు ద్వారా పంట రుణం తీసుకొన్నారు. శుక్రవారం సాయంత్రం, బ్యాంకు మూసిన తరువాత, మీ ఫోనుకు ఇలా ఒక సందేశం వచ్చింది: "ప్రియమైన ఖాతాదారు, మీ ఖాతా కేవైసీ గడువు ముగిసినది. ఈ రాత్రి లోగా సవరించనిచో మీ కిసాన్ కార్డు నిలిపివేయబడును. ఈ లింకును నొక్కండి." ఇది మేము ఉదాహరణకు కూర్చిన సందేశమే అయినను, ఇటువంటివి మీలో పలువురు చూచియే ఉంటారు.

మొట్టమొదట గమనించవలసినది, ఇందులో సగం నిజం ఉన్నదన్న సంగతి. కేవైసీ అనేది కల్పన కాదు. ఖాతాదారు గుర్తింపు వివరాలను నిర్ణీత కాలానికొకసారి సరిచూడవలెనని రిజర్వు బ్యాంకు నిబంధన ఉన్నది. ఖాతా స్వభావాన్ని బట్టి రెండేళ్ళకు, ఎనిమిదేళ్ళకు లేక పదేళ్ళకు ఒకసారి ఈ పని జరుగుతుంది. నిజం లేని ఎరను ఎవరూ మ్రింగరు గనుక మోసగాడు నిజాన్నే గుచ్చుతాడు. ఆ తరువాతి మాటలోనే కొక్కెం ఉన్నది: "ఈ రాత్రి లోగా."

బ్యాంకు ఇటువంటి మాట అనదు, అనడానికి వీలు లేదు. రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో సవరించిన నిబంధనల ప్రకారం, గడువు రాకముందే కనీసం మూడు సార్లు ఖాతాదారుకు తెలియజేయవలెను. అందులో ఒకటైనా ఉత్తరం ద్వారా ఉండవలెను. గడువు దాటిన తరువాత మరల కనీసం మూడు జ్ఞాపికలు పంపవలెను. ఆరుసార్లు చెప్పవలసిన విషయాన్ని ఒక్క సాయంత్రంలో ముగించే బ్యాంకు లేదు. పైగా మీ చిరునామా, ఇతర వివరాలు మారనట్లయితే మార్పు లేదని మీరే ధ్రువీకరించి ఇస్తే సరిపోతుంది. అందుకు ఏ శాఖకైనా వెళ్ళవచ్చును. మీ పరిసరాలలో పనిచేసే బ్యాంకు ప్రతినిధి, అనగా బ్యాంకు మిత్ర వద్దనైనా ఇచ్చే వీలును ఆ సవరణ కల్పించింది.

రెండవది, సందేశం ఎవరి నుండి వచ్చినదన్నది. బ్యాంకుల సందేశాలు సాధారణంగా అక్షరాలతో కూడిన సంక్షిప్త నామంతో వస్తాయి. 2025 నుండి ఆ నామం చివర ఒక గీతతో కూడిన అక్షరం కూడ కనిపిస్తున్నది: లావాదేవీ సమాచారమైతే 'టి', సేవా సమాచారమైతే 'ఎస్', ప్రచారమైతే 'పి', ప్రభుత్వ సమాచారమైతే 'జి'. బ్యాంకు పేరు చెప్పే సందేశం పది అంకెల మామూలు మొబైల్ నంబరు నుండి వచ్చినచో దానిని నమ్మరాదు. అక్షరాలతో వచ్చినది కదా అని ప్రతి సందేశాన్నీ నమ్మనూ కూడదు. అది మొదటి జల్లెడ మాత్రమే.

ఇక లింకు. ఈ ఒక్క విషయంపై కొంతసేపు నిలుద్దాం, ఎందుకంటే చదువుకొన్నవారు సైతం పొరబడేది ఇక్కడనే. తెలుగువారికి ఇంటిపేరు ముందు ఉంటుంది, వ్యక్తి పేరు తరువాత వస్తుంది. వెబ్‌సైటు చిరునామాకు ఇంటిపేరు చివర ఉంటుంది. చిరునామాలో మొదట కనిపించే రెండు ఏటవాలు గీతల తరువాత, మరొక ఒంటరి ఏటవాలు గీత వచ్చేవరకు చదవండి. ఆ ఒంటరి గీతకు ముందున్న చివరి రెండు మూడు ముక్కలే ఆ చిరునామా ఇంటిపేరు. దానికి ముందు ఎవరైనా ఏదైనా వ్రాసుకొనవచ్చును. "మీ బ్యాంకు పేరు డాట్ కేవైసీ సేవ డాట్ కామ్" అని ఉన్నదనుకొందాం. మొదట ఉన్న బ్యాంకు పేరు చూచి మనసు నెమ్మదిస్తుంది. కాని ఇంటిపేరు "కేవైసీ సేవ డాట్ కామ్". ఆ ఇంటికీ మీ బ్యాంకుకూ ఏ చుట్టరికమూ లేదు. పొరుగింటి గోడపై మీ పేరు వ్రాసినంత మాత్రాన అది మీ ఇల్లు కాదు గదా!

ఈ చిక్కును తగ్గించడానికే రిజర్వు బ్యాంకు భారతీయ బ్యాంకులన్నింటికీ ఒకే ఇంటిపేరును నిర్ణయించింది. అది "డాట్ బ్యాంక్ డాట్ ఇన్". 2025 అక్టోబరు 31 లోగా బ్యాంకులు తమ వెబ్‌సైట్లను ఈ పేరుకు మార్చుకొనవలెనని ఆదేశించింది. ఈ పేరును నమోదు చేసే అధికారం హైదరాబాదులోని బ్యాంకింగ్ సాంకేతిక అభివృద్ధి, పరిశోధన సంస్థ ఒక్కదానికే ఉన్నది. బ్యాంకు కానివారికి అది దొరకదు. కనుక బ్యాంకు పుట అని చెప్పబడే దాని చివర ఈ రెండు మాటలు లేనట్లయితే ఒక్క అంకె కూడ అక్కడ నింపవద్దు. ఒక హెచ్చరిక: సందేశంలో కంటికి కనిపించే అక్షరాలు ఒకటి, నొక్కితే తెరుచుకొనే చిరునామా మరొకటి కావచ్చును. కావున చూడవలసినది ఫోను తెరపై పైభాగంలో ఉన్న చిరునామాను. ఇంకా మంచిది, అసలు నొక్కకుండా ఉండడం.

తాళం పగులగొట్టరు

నొక్కితే ఏమవుతుంది? బ్యాంకు రంగులు, చిహ్నంతో ఒక పుట తెరుచుకొంటుంది. ఖాతా సంఖ్య, కార్డు సంఖ్య, రహస్య పదం అడుగుతుంది. మీరు నింపుతున్న సమయంలోనే అవతలి వ్యక్తి వాటిని అసలు బ్యాంకు సైటులో నింపుతూ ఉంటాడు. అప్పుడు అసలు బ్యాంకు నుండి మీకు ఓటీపీ వస్తుంది. అది నిజమైన బ్యాంకు పంపిన నిజమైన సంఖ్య కాబట్టి మీకు అనుమానం రాదు. దానిని కూడ నింపుతారు. మోసగాడు బ్యాంకు తాళం పగులగొట్టలేదు. మీ తాళపుచెవిని మీ చేతనే ఇప్పించుకొన్నాడు. ఓటీపీ అనేది "ఈ లావాదేవీ చేస్తున్నది నేనే" అనే మీ సంతకం వంటిది. తెల్లకాగితంపై సంతకం అడిగినవాడికి ఏమి సమాధానం చెబుతారో, ఓటీపీ అడిగినవాడికీ అదే చెప్పండి. బ్యాంకు ఉద్యోగికి మీ ఓటీపీతో గాని, పిన్‌తో గాని ఏ పనీ ఉండదు.

యూపీఐ విషయంలో ఇంకొక మాట. డబ్బు పుచ్చుకొనడానికి పిన్ అవసరం లేదు. పంపడానికి మాత్రమే పిన్ కావలెను. "వక్కలకు బయానా పంపుతున్నాను, పిన్ కొట్టి తీసుకోండి" అన్నవాడు మీ సొమ్ము తీసుకొనబోతున్నాడు. వ్యక్తి నుండి వ్యక్తికి సొమ్ము కోరే అభ్యర్థనలను 2025 అక్టోబరు 1 నుండి యూపీఐలో నిలిపివేయడం వలన ఈ మార్గం కొంత మూసుకొన్నది. అయినను క్యూఆర్ చిత్రం పంపి, "దీనిని స్కాన్ చేసి పిన్ కొడితే మీకు సొమ్ము జమ అవుతుంది" అని నమ్మించే పద్ధతి మిగిలే ఉన్నది.

రైతులకు ప్రత్యేకించి చెప్పవలసినది ఏపీకే ఫైళ్ళ గురించి. పీఎం కిసాన్ పథకం క్రింద అర్హులైన రైతులకు ఏడాదికి రూ. 6,000, మూడు విడతలుగా, రూ. 2,000 చొప్పున వస్తుందని మీకు తెలుసు. విడత రావలసిన రోజులలో ఆ పథకం పేరు పెట్టుకొన్న ఏపీకే ఫైళ్ళు తెలుగు రాష్ట్రాలలో వాట్సాప్ బృందాలలో తిరిగాయి. తెలిసినవారి నంబరు నుండియే అవి వస్తాయి. కారణం, ఆ తెలిసినవారు ముందే దానిని నొక్కి, తమ ఫోనును మోసగాని చేతిలో పెట్టారు. ఆ ఫైలును స్థాపించుకొని, అది అడిగిన అనుమతులన్నీ ఇచ్చినచో, మీ సందేశాలను అది చదవగలదు, ఓటీపీని నేరుగా మోసగానికి చేరవేయగలదు. "నేను ఓటీపీ ఎవరికీ చెప్పలేదు, అయినా సొమ్ము పోయింది" అనేవారి మాట చాలాసార్లు అబద్ధం కాదు. ఏ బ్యాంకూ, ఏ ప్రభుత్వ పథకమూ వాట్సాప్‌లో యాప్‌ను పంపదు.

ఇవన్నీ చదువు లేనివారికి జరిగేవని ఎవరైనా భావించినట్లయితే, హైదరాబాదులోని ఏపీ మహేశ్ సహకార అర్బన్ బ్యాంకు ఉదంతం చూడవలెను. 2021 నవంబరులో ఆ బ్యాంకు ఉద్యోగులకు 200కు పైగా ఎర మెయిళ్ళు వచ్చినట్లు పోలీసు దర్యాప్తులో తేలింది. ఇద్దరు ఉద్యోగులు వాటిని తెరిచారు. ఆ రెండు క్లిక్కుల ద్వారా లోపలికి వచ్చిన దొంగలు రెండు నెలలకు పైగా ఓపిక పట్టి, 2022 జనవరిలో రూ. 12.48 కోట్లను నూటికి పైగా ఖాతాలలోనికి మళ్ళించి, అక్కడి నుండి మరి కొన్ని వందల ఖాతాలకు పంచివేశారు. రక్షణ ఏర్పాట్లలోని లోపాలకు 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు రూ. 65 లక్షల జరిమానా విధించింది. బ్యాంకు ఉద్యోగియే మోసపోగా, తోటపనిలో ఉన్న రైతు ఒక క్షణం ఏమరుపాటుకు లోనవడం సిగ్గుపడవలసిన విషయం కానే కాదు. ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉన్నది. సిగ్గు వలన జరిగే ఆలస్యం ఎంత నష్టం చేస్తుందో క్రింద చూడగలరు.

ఫోనులో గొంతు

సందేశానికి లొంగనివారు మాటకు లొంగుతారు. మీ ఊరి యాసలో, "బాబాయ్, నేను బ్యాంకు నుంచండీ" అని ఎవరైనా పలుకరిస్తే పరాయి దీవిలో ఉన్న మనకు ప్రాణం లేచివస్తుంది. భాష కలిసినంత మాత్రాన మనిషి మనవాడు కాడు. బ్యాంకులు లావాదేవీలు, సేవలకు సంబంధించిన ఫోన్లు 1600తో మొదలయ్యే నంబర్ల నుండియే చేయవలెనని 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు సూచించింది. ప్రచార ఫోన్లకు 140తో మొదలయ్యే నంబర్లు ఉన్నాయి.

పోలీసు దుస్తులతో వీడియోలో కనిపించి, మీ ఆధార్‌పై కేసు ఉన్నదనీ, మిమ్మల్ని 'డిజిటల్ అరెస్టు' చేశామనీ, ఎవరికీ చెప్పకుండా గదిలోనే ఉండవలెననీ బెదిరించేవారి సంగతి అందరికీ తెలిసినదే. అటువంటి అరెస్టు మన చట్టంలో లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి సైతం రేడియో ప్రసంగంలో ఈ విషయం దేశానికంతటికీ చెప్పవలసి వచ్చినదంటే దాని తీవ్రత గ్రహించవచ్చు. ఇక్కడ ఎర ఆశ కాదు, భయం.

ఎర ఏదైనను ఆచరించవలసిన పద్ధతి ఒక్కటే: సందేశం వచ్చిన దారిన జవాబు పోకూడదు. సందేశంలోని లింకు, అందులోని నంబరు, ఫోను చేసినవాడు ఇచ్చిన మరొక నంబరు, ఇవన్నీ వాడు వేసిన దారులు. మీ దారి మీకు ముందే ఉన్నది. పాస్‌పుస్తకంపై, ఏటీఎం కార్డు వెనుక బ్యాంకు నంబరు ముద్రించి ఉంటుంది. ఫోను పెట్టివేసి, ఆ నంబరుకు మీరే చేయండి. గూగుల్‌లో బ్యాంకు నంబరు వెదకడం కూడ క్షేమం కాదు. నకిలీ నంబర్లను అక్కడ పెట్టి కాచుకొని ఉండేవారున్నారు. సోమవారం వరకు ఆగి శాఖకు వెళ్ళితే పోయేదేమీ లేదు. మీ ఖాతా ఆ రెండు రోజులలో ఎక్కడికీ పోదు.

సొమ్ము పోయిన తరువాతి గంట

ఎంత జాగ్రత్తపడినా సొమ్ము పోయినదనుకొందాం. కిరాయికి తీసుకొన్న ఎవరిదో ఖాతాలోనికి అది ముందు చేరుతుంది, అక్కడి నుండి ఇంకొన్ని ఖాతాలకు చీలి, చివరకు ఏటీఎంలలో నోట్లుగా బయటకు వస్తుంది. నోట్లుగా మారకముందే దానిని పట్టవలెను. 1930 అనే నంబరు ఇందుకోసమే ఉన్నది. ఆ నంబరుకు ఫోను చేసి, మీ బ్యాంకు పేరు, ఖాతా సంఖ్య, లావాదేవీ సంఖ్య, మొత్తం, సమయం చెప్పినచో, ఆ సమాచారం సొమ్ము చేరిన బ్యాంకుకు వెంటనే అందుతుంది. సొమ్ము ఇంకా అక్కడ ఉన్నంతవరకు దానిని కదలకుండా ఆపివేస్తారు. సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్ అనే సైటులోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చును. ఇంట్లో చెబితే ఏమంటారో అని రాత్రంతా ఆలోచించి తెల్లవారి ఫోను చేసేలోగా సొమ్ము నాలుగు చేతులు మారి ఉంటుంది.

ఏపీకే స్థాపించుకొన్నవారు ముందుగా ఆ ఫోనులో ఇంటర్‌నెట్‌ను ఆపి, వేరొక ఫోను నుండి బ్యాంకుకు తెలిపి కార్డును, యూపీఐని, ఇంటర్‌నెట్ బ్యాంకింగ్‌ను నిలిపివేయించవలెను.

బ్యాంకుకు తెలియజేయడంలో గడియారం ఎందుకు ముఖ్యమో 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు జారీ చేసిన ఆదేశాలను బట్టి తెలుస్తుంది. మీ తప్పు గాని, బ్యాంకు తప్పు గాని లేకుండా మూడవ వ్యక్తి వలన సొమ్ము పోయినపుడు, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాలలో తెలిపినచో మీకు నష్టం లేదని ఆ ఆదేశాలు నిర్దేశించాయి. నాలుగు నుండి ఏడు పనిదినాలలో తెలిపినచో ప్రాథమిక పొదుపు ఖాతాకు రూ. 5,000, ఇతర పొదుపు ఖాతాలకు రూ. 10,000 మించని పరిమితి వరకు ఖాతాదారు భరించవలెను. బాధ్యత ఖాతాదారుదని రుజువు చేయవలసిన భారం బ్యాంకుపైనే ఉంచారు.

పిన్ లేక ఓటీపీ మీరే ఇచ్చినట్లయితే? అప్పుడు నష్టం మీదే. కాని బ్యాంకుకు తెలిపే క్షణం వరకు మాత్రమే. ఉదాహరణకు, నాలుగు గంటలకు ఓటీపీ చెప్పారు. నాలుగుంబావుకు రూ. 20,000 పోయింది. ఐదు గంటలకు బ్యాంకుకు తెలిపారు. ఆరు గంటలకు మరొక రూ. 30,000 పోయింది. మొదటి ఇరవై వేలు మీ నష్టం. తరువాతి ముప్ఫై వేలు బ్యాంకు భరించవలసినది. తెలుపకుండా ఊరుకొన్నట్లయితే యాభై వేలూ మీవే. ఈ నిబంధనలలో అనంతరం మార్పులు ఉండవచ్చును గనుక ప్రస్తుత పరిమితులను మీ శాఖలో అడిగి తెలుసుకొనండి.

కిరాయి ఖాతా అన్నాము కదా, దాని గురించి ఒక మాట చెప్పక తప్పదు. "నీ పాస్‌పుస్తకం, ఏటీఎం కార్డు ఒక నెల ఇవ్వు, ఐదు వేలిస్తాను" అని యువకులను అడిగేవారున్నారు. అట్లు ఇచ్చిన ఖాతాలోనికే ఎక్కడో మరొక రైతు సొమ్ము వచ్చి పడుతుంది. పోలీసులు మొదట వెదకివచ్చేది ఖాతా ఎవరి పేరున ఉన్నదో వారి ఇంటికే. ప్రోతరాపూర్‌లోని జిల్లా జైలు గోడలు మన పిల్లలు రోజూ చూచేవే. లోపలి సంగతి వారికి తెలియకుండా ఉండడమే మేలు.

బ్యాంకుకు ఇచ్చిన ఫిర్యాదుకు 30 రోజులలో జవాబు రానిచో, లేక వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేనిచో, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా వ్రాసుకొనవచ్చును. వివరాలకు 14448 నంబరుకు ఫోను చేయవచ్చును. అంబుడ్స్‌మన్ ముందుగా చూచేది మీరు బ్యాంకుకు ఎప్పుడు తెలిపారన్నదానినే. అందుచేత ఫోనులో చెప్పి ఊరుకొనక, వ్రాతపూర్వకంగా కూడ ఇచ్చి, నకలుపై శాఖ ముద్ర, తేదీ, సమయం వేయించుకొనండి. 1930 వారు ఇచ్చిన ఫిర్యాదు సంఖ్యను ఆ కాగితంపైనే వ్రాసి, పాస్‌పుస్తకంతో బాటు భద్రపరచండి.